కీళ్ళవాతము – చికిత్సల తూనిక

రొద్దము పెన్నానది ఒడ్డున నున్న ఊరు. నందికొండలలో పుట్టిన పెన్న హిందూపురము ప్రక్కగా వచ్చి, ఈ ఊరిని తాకి, పెనుకొండ సీమను దాటి ఉత్తరముగా సాగిపోవును. ఏటిలో నీరు పారు దినములు తక్కువ, ఇసుక మెరయు దినములు ఎక్కువ. ఇసుకలో చెలమ త్రవ్వి నీరు తోడుకొనుట ఈ ప్రాంతమువారు తరతరములుగా ఎరిగిన పని. ఇక్కడి బ్రతుకు తెరువులన్నియు కాళ్ళమీద నడచునవే. వేరుసెనగ చేలో కలుపుతీత, మల్బరీ తోటలో ఆకు కోత, ధర్మవరమున గుంతమగ్గములో కూర్చుండి కాళ్ళతో పలకలు త్రొక్కుట – ఏ పనికైనను మోకాలు, చీలమండ, మడమ సరిగా నుండవలెను.

ఇట్టి సీమలో ఒక యువకునికి రక్తవిరేచనములు పట్టి, నాలుగు దినములలో తగ్గినవనుకొందము. రెండు మూడు వారములు గడచిన పిదప అతని మోకాలు ఉబ్బి, మడమ నేలపై మోపలేనంతటి బాధ కలిగినది. కన్ను ఎర్రబడినది. మగ్గము నిలిచినది, కూలి నిలిచినది. ఇంటిలో నలుగురు నాలుగు మందులు చెప్పుదురు. అవ్వ ఆముదమును, పొరుగువారు సూదిని, ఒకరు పేరులేని పొడిని, మరియొకరు పట్నములోని ఖరీదైన వైద్యమును సూచింతురు. వీనిలో దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఆయా చికిత్సలు ఎట్లు పుట్టినవో, ఎట్లు తూచబడినవో తెలిసికొనుటకంటె మంచి మార్గము లేదని మేము తలంచుచున్నాము. కావున నేడు శ్రోతలకు ఆ చరిత్రను క్లుప్తముగా మనవిచేయుదుము.

ముందు వ్యాధి యేమో చూతము. వైద్యులు దీనిని రియాక్టివ్ ఆర్థ్రైటిస్ అందురు. మనము ప్రతిక్రియా కీళ్ళవాతమని చెప్పుకొనవచ్చును. శరీరములో ఒకచోట సూక్ష్మజీవి చొరబడగా, దానిని ఎదుర్కొనుటకు బయలుదేరిన రక్షణబలము వేరొకచోట, అనగా కీళ్ళలో, అలజడి చేయుటయే ఈ వ్యాధి. పేగులలో ప్రవేశించు షిగెల్లా, సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్, యెర్సీనియా అను క్రిములును, మూత్రమార్గమును పట్టు క్లమీడియా అను క్రిమియు దీనికి ముఖ్యకారణములు. జబ్బు తగ్గిన ఒకటి మొదలు నాలుగు వారములలో కీళ్ళు ఉబ్బును. ఉబ్బిన కీలునుండి తీసిన నీటిని పరీక్షశాలలో ఉంచినను అందు క్రిమి మొలకెత్తదు. ఇదియే దీని విచిత్రము. ఇరువది మొదలు నలువది యేండ్ల లోపు వయస్సువారిని, అనగా ఇంటిని పోషించువారిని, ఇది ఎక్కువగా పట్టును.

కడుపునకును కీళ్ళకును సంబంధము కలదను భావన మన దేశమునకు క్రొత్తది కాదు. ఏడవ ఎనిమిదవ శతాబ్దముల నాటి మాధవకరుడు తన నిదాన గ్రంథములో ఆమవాతమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించెను. జీర్ణము కాని ఆమము వాతముతో కూడి కీళ్ళను చేరి నొప్పిని, వాపును, జ్వరమును కలిగించునని అతని సిద్ధాంతము. పదునొకండవ శతాబ్దమున చక్రపాణిదత్తుడు దానికి లంఘనమును, స్వేదమును, ఆముదమును, గుగ్గులు యోగములను చికిత్సగా చెప్పెను. సంస్కృతమును తెలుగును కలిపి నడచిన బసవరాజీయము ఆంధ్రదేశపు వైద్యుల చేతిపుస్తకమై, ఈ విద్యను పల్లెపల్లెకు చేర్చినది. వేడి ఇసుకను గుడ్డలో మూటకట్టి కాపుట, వావిలాకు వేసి కాచిన నీటితో పోయుట, శొంఠి కషాయము – ఇవి మన ఇండ్లలో నేటికిని నిలిచియున్నవి.

ఆమవాతమును నేటి వైద్యులు చెప్పు ఒకే యొక వ్యాధితో సమానము చేయుట తగదు. ఆనాటి పేరు క్రింద నేటి అనేక వ్యాధులు ఇమిడియున్నవి. అయినను జీర్ణాశయమును మొదట చూడుమను ఉపదేశములో లోతైన పరిశీలన కలదు. కాపడము బిగిసిన కండరములకు ఉపశమన మిచ్చును. దానిని విడువనక్కర లేదు. కాని విరేచనములతో నీరసించి, ఒడలిలోని నీరు ఇంకిపోయినవానికి మరల ఆముదము పట్టించి పేగులను కడుగుట ప్రమాదకరము. ఆ గ్రంథకర్తలే రోగి బలమును చూచి చికిత్స చేయుమని చెప్పిరి. ఆ మాట మరువరాదు.

ఇక పడమటి దేశముల కథ. ఇంగ్లండులో సర్ బెంజమిన్ బ్రోడీ అను శస్త్రవైద్యుడు 1818లో మూత్రమార్గపు వాపు, కన్నుల ఎరుపు, కీళ్ళనొప్పి ఒక్కచో కూడిన రోగులను వర్ణించెను. సుమారు నూరేండ్ల పిదప, మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో ఈ వ్యాధి మరల వెలుగులోనికి వచ్చినది. 1916లో ఫ్రెంచి సైనికులలో ఫీసింజే, లెరువా అను ఇద్దరు వైద్యులును, అదే సంవత్సరము జర్మను సేనలో హాన్స్ రైటర్ అను వైద్యుడును దానిని వర్ణించిరి. రైటర్ చూచిన రోగి ఒక సైనికాధికారి. రక్తవిరేచనముల తరువాత అతనికి ఈ మూడు లక్షణములును వచ్చినవి.

రైటర్ రోగిని బాగుగనే వర్ణించెను గాని, కారణమును తప్పుగా ఊహించెను. సవాయిరోగమును కలిగించు మెలికల క్రిమివంటిదే దీనికిని మూలమని అతడు భావించెను. ఆ ఊహను నమ్మిన వైద్యులు కొందరు రోగులకు పాషాణపు మందులను సూదిద్వారా ఎక్కించిరి. మరికొందరు కావలెనని జ్వరమును తెప్పించి, ఆ వేడిలో వ్యాధి నశించునని ఆశించిరి. రోగులలో పెక్కుమంది కొన్ని నెలలకు కోలుకొనిరి. కీర్తి మందునకు దక్కినది. కారణము తప్పైనచో మందు తప్పగుననియు, రోగి కోలుకొనుటయే మందునకు సాక్ష్యము కాజాలదనియు ఈ కథ నేర్పుచున్నది.

ఆ వ్యాధికి రైటర్ పేరు 1942లో అమెరికాలో బావర్, ఎంగిల్మన్ అను వైద్యులు పెట్టిరి. కాని రైటర్ హిట్లరు ప్రభుత్వములో ఆరోగ్యశాఖాధిపతియై, బూహెన్వాల్డ్ నిర్బంధశిబిరములోని ఖైదీలపై జరిగిన టీకా ప్రయోగములతో సంబంధము కలిగియుండెనని తరువాత లోకమునకు తెలిసినది. తాము పెట్టిన పేరును విడనాడవలెనని ఎంగిల్మన్ స్వయముగా 2007లో ఇతరులతో కలసి ప్రకటించెను. నేడు వైద్యగ్రంథములు ఆ పేరును విడిచి, 1969లో ఫిన్లండు పరిశోధకులు వాడిన రియాక్టివ్ ఆర్థ్రైటిస్ అను పేరునే గ్రహించుచున్నవి.

ఫిన్లండు ఈ చరిత్రలో మరియొక కారణముచేత స్మరణీయము. 1944లో అక్కడి సేనలలో రక్తవిరేచనములు ప్రబలెను. సుమారు 1,50,000 మంది రోగులలో 344 మందికి ఈ కీళ్ళవ్యాధి వచ్చినట్లు పారోనెన్ అను వైద్యుడు 1948లో లెక్క ప్రకటించెను. 1966లో ప్రచురింపబడిన మరియొక వృత్తాంతములో, ఒక అమెరికా యుద్ధనౌకపై విరేచనములు పట్టిన 602 మందిలో 9 మందికి ఇది కనబడినది. విరేచనములు అందరికిని వచ్చినవి. కీళ్ళవాతము కొందరికే ఎందులకు వచ్చినది? ఈ ప్రశ్నకు సగము సమాధానము 1973లో దొరకినది. తల్లిదండ్రులనుండి సంక్రమించు హెచ్.ఎల్.ఏ. బి-27 అను గుర్తు ఈ రోగులలో పెక్కుమందికి కలదని లండనులో బ్రూవర్టన్ మొదలగువారు కనుగొనిరి. అయితే ఆ గుర్తు కలవారందరికిని వ్యాధి రాదు. గుర్తు లేనివారికిని రావచ్చును. కావున ఆ రక్తపరీక్ష వైద్యునికి తోడ్పడు సాక్ష్యమే గాని తీర్పు కాదు.

ఇట్టి లెక్కలవలన తెలిసిన మరియొక సంగతి మన తూనికకు మూలమైన రాయి. ఈ వ్యాధి పట్టినవారిలో ఎక్కువమంది ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరములోపల ఏ విశేషచికిత్సయు లేకయే కోలుకొందురు. కొందరికి మాత్రము వ్యాధి తిరుగబెట్టును, లేక దీర్ఘకాలము నిలుచును. తనంతట తగ్గు వ్యాధికి ఏ మందిచ్చినను మంచి మందుగనే తోచును. అందుచేతనే నిజమైన మందును కనుగొనుటకు కొందరికి మందును, కొందరికి మందువలె కనబడు ఉత్తబిళ్ళను ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చిరో రోగికిని వైద్యునికిని తెలియకుండ పోల్చిచూచు పద్ధతి ఏర్పడినది.

ఇప్పుడు ఒక్కొక్క మందును తక్కెడలో వేయుదము.

మొదటివి నొప్పిమందులు. విల్లో చెట్టు పట్టలోని సారముతో కీళ్ళజ్వరము తగ్గుటను స్కాట్లండు వైద్యుడు మెక్లాగన్ 1876లో ప్రకటించెను. 1897లో జర్మనీలో ఆస్పిరిన్ తయారైనది. తరువాత ఫినైల్ బ్యూటజోన్ వచ్చి, ఎముక మూలుగను చెరచునని తెలియుటతో మనుష్యుల వైద్యమునుండి చాలవరకు తొలగినది. 1960ల నుండి ఇండోమెథసిన్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ మొదలగునవి వాడుకలోనికి వచ్చినవి. ప్రతిక్రియా కీళ్ళవాతమునకు నేటికిని మొదటి మందు ఈ జాతిదే. ఇవి వ్యాధిమూలమును తీయవు. నొప్పిని, వాపును అణచి, వ్యాధి తనంతట తగ్గువరకు మనిషిని నడిపించును. వెల స్వల్పము. దోషము కలదు: కడుపులో పుండు, మూత్రపిండములకు హాని. మండుటెండలో పనిచేయుచు, తగినంత నీరు త్రాగని మన ప్రాంతపువారికి ఈ రెండవ దోషము మరింత దగ్గరిది. అంగడిలో స్వయముగా కొని నెలలకొలది మ్రింగుట తగదు.

రెండవది కార్టిజోన్. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ దీనిని మొదటిసారి కీళ్ళరోగికి ఇచ్చెను. మంచము దిగలేని స్త్రీ కొన్ని దినములలో లేచి నడచినది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అను మువ్వురికి నోబెల్ బహుమానము లభించినది. కాని సంబరము చల్లారకముందే దోషములు బయటపడినవి. ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లయగుట, చక్కెరవ్యాధి, అణగియున్న క్షయ మరల రగులుట – ఇవి దాని వెల. ప్రతిక్రియా కీళ్ళవాతములో దానిని మ్రింగించుటవలన కలుగు లాభము ఇతర కీళ్ళవ్యాధులలో వలె గొప్పది కాదు. అయితే ఒకటి రెండు కీళ్ళే ఉబ్బినప్పుడు, అందు క్రిమి లేదని నిశ్చయించుకొనిన పిదప, నిపుణుడు ఆ కీలులోనికే సూదివేయుట మేలైన పద్ధతి. పేరులేని పొడులను, ఏమి కలదో చెప్పని సూదులను మేము గట్టిగా నిరాకరించుచున్నాము. ఒక్క పూటలో అద్భుతముగా నొప్పి తీసిన పొడిలో ఈ స్టెరాయిడ్ దాగియుండుట తరచు జరుగు సంగతి.

మూడవ, నాలుగవ మందులవద్దకు వచ్చుసరికి ఈ కథ ఒక తెలుగువాని యింటికి చేరుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను పేగువ్యాధిచేత సోదరులను కోల్పోయిరి. తామును దానికి గురియైరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి, కొంతకాలము అచ్చట ఆయుర్వేద కళాశాలలో బోధించిరి. 1923లో అమెరికా చేరిరి. 1940లో లెడర్లీ సంస్థలో ప్రవేశించి, పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఆ నాయకత్వముక్రింద 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. స్ప్రూవలన కలుగు రక్తహీనతకు అది పనిచేయునని తేలినది. ఆ ఆమ్లమునకు విరోధులైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును అక్కడనే పుట్టినవి. టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుని చేతిమీదుగా అదే సంస్థనుండి 1948లో వెలువడినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి.

టెట్రాసైక్లిన్ మొదలగు క్రిమినాశకములను ప్రతిక్రియా కీళ్ళవాతములో దీర్ఘకాలము వాడిన ఫలమేమి? క్రిమి మూలమైనప్పుడు క్రిమిని చంపిన వ్యాధి పోవలెనని తోచును. కాని తక్కెడ వేరుగా పలికినది. ఫిన్లండులో 1991లో ప్రకటింపబడిన పరీక్షలో మూడు నెలల లైమెసైక్లిన్ వలన క్లమీడియాచేత వచ్చిన కీళ్ళవాతము మాత్రము త్వరగా తగ్గినది. పేగుక్రిములచేత వచ్చినదానికి ప్రయోజనము కనబడలేదు. సిప్రోఫ్లాక్సాసిన్‌తో 1999లోను, అజిత్రోమైసిన్‌తో 2004లోను ప్రకటింపబడిన పరీక్షలు మొత్తముమీద ఆశాభంగము కలిగించినవి. 2010లో అమెరికాలో 42 మంది దీర్ఘకాల క్లమీడియా రోగులకు ఆరు నెలలు రెండేసి మందులు కలిపి ఇచ్చినప్పుడు, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 63 మందికి, ఉత్తబిళ్ళ పుచ్చుకొన్నవారిలో నూటికి 20 మందికి గుణము కనిపించినది. ఇది చిన్న పరీక్ష. ఆశ కలిగించునది గాని తుదిమాట కాదు. కావున మూత్రమార్గములో క్లమీడియా ఉన్నచో రోగికిని, జీవితభాగస్వామికిని చికిత్స తప్పక చేయవలెను. విరేచనములు తగ్గిపోయిన పిదప కీళ్ళకొరకని నెలల తరబడి క్రిమినాశకములు మ్రింగుటవలన లాభము లేదు.

నొప్పిమందులకు లొంగక నెలలు గడచినచో సల్ఫాసలజీన్, మెథోట్రెక్సేట్ అనునవి ముందుకు వచ్చును. సల్ఫాసలజీన్‌ను స్వీడను దేశమున నన్నా స్వార్ట్స్ అను వైద్యురాలు 1930ల చివర కీళ్ళవాతము కొరకే రూపొందింపజేసిరి. పేగులవాపునకును అది మంచి మందని తరువాత తేలినది. కడుపునకు కీళ్ళకు గల బంధుత్వమునకు ఇది మరియొక నిదర్శనము. 1996లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో 134 మంది రోగులను 36 వారములు పరిశీలించిరి. మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 62 మంది, ఉత్తబిళ్ళ పుచ్చుకొన్నవారిలో నూటికి 48 మంది మెరుగైరి. ఈ రెండంకెలను శ్రోతలు ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. మందునకు విలువ కలదు. కాని నూటికి పదునాలుగు మందికి మాత్రమే అది అదనముగా తోడ్పడినది. తక్కినవారు కాలముతో కోలుకొనిరి.

మెథోట్రెక్సేట్ జాతి మందులను ఈ వ్యాధిలో వాడిన వృత్తాంతము 1966లోనే అమెరికా వైద్యపత్రికలో వచ్చినది. సల్ఫాసలజీన్‌కు జరిగినంతటి పరీక్ష దీనికి ఈ వ్యాధిలో జరుగలేదు. ఇతర కీళ్ళవాతములలోని అనుభవమునుబట్టి వాడుచున్నారు. దీనిని వారమునకు ఒక్కసారియే పుచ్చుకొనవలెను. ప్రతిదినము మ్రింగినచో ప్రాణముమీదికి వచ్చును. గర్భవతులు పుచ్చుకొనరాదు, మద్యము పనికిరాదు, కాలేయమునకు, రక్తమునకు పరీక్షలు జరుగుచుండవలెను. దోషము తగ్గించుటకు దీనితోపాటు వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు బిళ్ళ ఇత్తురు. మందును, ఆ మందు దోషమునకు విరుగుడును సుబ్బారావుగారి కూటమి నుండియే వచ్చుట తెలుగువారు తలచుకొనదగిన సంగతి.

చివరివి 1998 నుండి వైద్యమున ప్రవేశించిన టి.ఎన్.ఎఫ్. నిరోధకములు. వాపును రేపు ఒక రసాయనమును ఇవి పట్టి బంధించును. ఏ మందులకును లొంగని కొద్దిమందికి ఇవి మేలు చేయవచ్చును. వెల అధికము. క్షయవ్యాధి మెండుగా నున్న మన దేశమున, అణగియున్న క్షయ కలదేమో పరీక్షింపక వీనిని ప్రారంభింపరాదు.

ఈ తూనిక యంతయు వ్యాధి సరిగా గుర్తింపబడినప్పుడే చెల్లును. ఉబ్బిన ప్రతి కీలును ప్రతిక్రియా కీళ్ళవాతము కాదు. కీలులో చీముపట్టిన యెడల కొన్ని దినములలోనే ఎముక చెడును. కావున తీవ్రమైన జ్వరముతో ఒక్క కీలు ఉబ్బినచో ఆ దినమే ఆసుపత్రికి పోయి నీరు తీయించి పరీక్ష చేయింపవలెను. కీళ్ళక్షయ మెల్లగా వచ్చును. పిల్లలలో గొంతునొప్పి తరువాత వచ్చు కీళ్ళజ్వరము గుండెను కాటువేయును. 2005–06 సంవత్సరములలో అనంతపురము జిల్లాను కుదిపిన చికున్‌గున్యా దోమలవలన వచ్చు వైరసు జ్వరము. దాని నొప్పులు నెలలకొలది నిలిచినను వ్యాధి వేరు. నీటిలోని ఫ్లోరైడువలన నడుము, మోకాళ్ళు బిగిసిపోవుట ఇంకొకటి. నాటి నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు దీనిని వర్ణించిరి. మన అనంత సీమ భూగర్భజలములకును ఆ దోషము కలదు. ఇన్నిటికి ఒకే సూది, ఒకే పొడి మందెట్లగును?

కావున పెన్నలోయలోని ఆ కుటుంబమునకు చరిత్ర చెప్పు వరుస ఇది. మొదట కీలులో చీము లేదని తేల్చుకొనుట. కన్ను ఎర్రబడి, నొప్పిపెట్టి, చూపు మసకబారినచో ఆలస్యము చేయక కంటివైద్యుని చూచుట. మూలక్రిమిని వెదకుట. నొప్పిమందును వైద్యుని సలహాతో తగినంత కాలము వాడుట. కాపడము, మెల్లని వ్యాయామము కొనసాగించుట. తీవ్రమైన వాపు తగ్గిన పిదప కీలును ఊరక పడవేయకుండుట. మూడు నాలుగు నెలలకును తగ్గకున్నచో కీళ్ళవైద్య నిపుణుని చూచుట. హైదరాబాదు నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో దీనికి ప్రత్యేకశాఖ కలదు. ప్రతి మెట్టునను వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ మందు ఏమి చేయును? ఏమి హాని చేయవచ్చును? పుచ్చుకొనకున్న ఏమగును? మూడవ ప్రశ్నను మనవారు అడుగుట అరుదు. ఈ వ్యాధిలో అదియే ముఖ్యము. ఏలనన ఓపికయు ఇందొక ఔషధము.

ఇక రాకుండ చేసికొను మందొకటి కలదు. అది అన్నిటికంటె చౌక. 1876–78 నాటి ధాతుకరవులో సీమప్రజలను ఆకలితోపాటు విరేచనములును, కలరాయు బలిగొన్నవి. చెడిన నీటి ఋణము మనకు పాతది. 1990ల నడుమ సత్యసాయి త్రాగునీటి పథకము అనంతపురము జిల్లాలో ఏడు వందలకు పైబడిన గ్రామములకు నీరు చేర్చినప్పుడు దాహముతోపాటు ఎన్నో వ్యాధులకు మూలమును త్రుంచు పనియే జరిగినది. కుళాయి నీరు వచ్చినను బిందె శుభ్రముగా లేనిచో, మరుగుదొడ్డి నుండి వచ్చిన చేతులు కడుగనిచో, పేగుక్రిమికి దారి మూసినట్లు కాదు. కడుపును కాపాడుకొన్నచో కీళ్ళను కాపాడుకొన్నట్లే. మన ఇండ్లలో నీటిబిందెపై మూతపెట్టు తల్లికి, త్రొక్కుపలకపై కాలుమోపు కొడుకు మోకాలికిని సంబంధము కలదని శ్రోతలు గుర్తింతురు గాక.